రేపటిని మార్చడానికి ప్రయత్నించు

మా అమ్మాయి మొదటిసారి ‘కోలెరా’ పేరెత్తినప్పుడు నాకు మా ఊళ్ళో పెద్దవాళ్ళు భయంగా తలుచుకునే కలరా గుర్తుకు వచ్చింది. పోర్చుగీసులో ఆ మాటకు ఆ జబ్బుతోపాటు ఆగ్రహమనే అర్థం కూడా ఉందని, 1979లో ఇక్కడే, బ్రెజిల్‌లోని సావో పాలోలో, రెడ్సన్, పియెర్ అనే అన్నదమ్ములు మొదలుపెట్టిన పంక్ రాక్ బృందం పేరు అదేనని ఆ పద్నాలుగేళ్ళ పిల్ల ఓపికగా వివరించింది.

ఎనిమిదేళ్ళ క్రితం ఈ నగరానికి వచ్చినప్పటి నుంచి తన తెలుగు చేజారిపోకూడదన్నదే నా ఆరాటం. గదిలోంచి వచ్చే హోరు వినలేక చాలాసార్లు తలుపు మూయించాను. కోపం వచ్చినా ఆడపిల్ల గొంతు పెంచకూడదన్న ఇంట్లో పెరిగిన నాకు, ఆగ్రహాన్నే పేరుగా పెట్టుకున్నవాళ్ళను నా కూతురు అంతగా అభిమానించడం మొదట్లో మింగుడుపడలేదు.

పాటలకు అర్థం అడిగాక ఈ దేశపు కథ ఒక్కొక్కటిగా తెలిసింది. బ్రెజిల్‌లో 1964 నుంచి 1985 వరకు సైనిక పాలన సాగింది. పాటల సాహిత్యం మీద సెన్సారు కన్ను ఉండేది. ఆ రోజుల్లోనే, 1982 నవంబరులో, ‘ప్రపంచాంతానికి ఆరంభం’ అనే అర్థమొచ్చే పేరుతో సెస్క్ పొంపేయాలో పంక్ బృందాలు రెండు రోజుల ఉత్సవం జరుపుకుంటే, చివరికి పోలీసులు లోపలికి వచ్చారు. ఇనుప పీపాలు తయారుచేసిన పాత ఫ్యాక్టరీని లీనా బో బార్డీ అనే వాస్తుశిల్పి సాంస్కృతిక కేంద్రంగా మలచిన చోటు అది. అక్కడి హాలులో నేల మీద పారే సన్నని నీటిపాయ పక్కన మేము ఎన్నో ఆదివారాలు కూర్చున్నాము, ఈ సంగతి తెలియకుండానే.

కోలెరాలో నన్ను కదిలించింది ఒకటే: ఆ ఆగ్రహమంతా శాంతి కోసం. 1986 నాటి వారి ఆల్బమ్ పేరుకు ‘ప్రపంచమంతటా శాంతి కోసం’ అని అర్థం. 1989లో పచ్చదనాన్ని నాశనం చేయవద్దని మరో ఆల్బమ్ తెచ్చారు. 1987లో వారు యూరప్ వెళ్ళి పాడి వచ్చారు, ఆ దారినే తరువాత రాటోస్ దే పొరావ్ వంటి బృందాలూ నడిచాయి. రెడ్సన్ 2011లో, యాభై నిండకుండానే, కన్నుమూసినా బృందం ఆగిపోలేదు.

మొన్న ఫోనులో ఈ పాటలు విన్న మా అమ్మ, “ఎవరమ్మా అలా పోట్లాడుకుంటున్నారు?” అని కంగారుపడింది. “పోట్లాట కాదు అమ్మమ్మా, యుద్ధాలు వద్దని అరుస్తున్నారు” అని మా అమ్మాయి తెలుగులోనే బదులిచ్చింది.

ఆ రాత్రి వారి తొలి ఆల్బమ్ పేరును తెలుగు చేస్తూ, “రేపుని మార్చడానికి ప్రయత్నించు” అని రాసుకుంది. ‘రేపటిని’ అనాలన్నాను. ఆ ‘టి’ ఎక్కడిదని అడిగితే, ఇల్లు ఇంటిని అయినట్టు, నిన్న నిన్నటిని అయినట్టే ఇదీ అని, చిన్నప్పుడు నేను బట్టీపట్టిన ఔపవిభక్తికాల గురించి చెప్పాను. కాగితం మీద కొట్టివేసి, గుండ్రని అక్షరాలతో మళ్ళీ రాసి, రెడ్సన్ బొమ్మ కింద గోడకు అంటించింది.