నొప్పి తగ్గిన పది రోజులు

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళి జీళ్ళు కొనకుండా ఇంటికి వచ్చినవాడు మా కోనసీమలో ఉంటాడని నేననుకోను. గంగలకుర్రు ఊరి నుంచి దేవుణ్ణి మోసుకొచ్చే ప్రభలు కౌశిక కాలువలో దిగి, అంత ఎత్తు వెదురు కట్టడం మనుషుల భుజాల మీద ఊగుతూ అవతలి ఒడ్డు ఎక్కుతుంటే చూసి, ఆ ఊపులో పొట్లం విప్పి ఒక జీడి కుడి దవడన వేసుకున్నాను. టప్పున చప్పుడైంది. అన్ని డప్పుల మధ్య, అన్ని అరుపుల మధ్య కూడా అది పుర్రె లోపలి నుంచి స్పష్టంగా వినిపించింది.

అరచేతిలోకి ఉమ్మి చూస్తే జీడికి అంటుకుని బియ్యపు గింజంత పన్ను ముక్క, దానితోపాటు నల్లబడిన పాత సిమెంటు కనిపించాయి. పన్నెండేళ్ళ కిందట పిప్పి పట్టినప్పుడు పెట్టించుకున్న సిమెంటది. నాలుకతో తడిమితే కింది దవడ పన్నులో ఒక గోడ మొత్తం లేదు. మిగిలిన అంచు బ్లేడులా ఉంది. మా అమ్మాయి చూస్తోందని నవ్వేసి, ఆ ముక్కను జేబులో వేసుకున్నాను. ఎందుకు దాచానో ఇప్పటికీ తెలియదు.

నేను అంబాజీపేటలో ఒక కొబ్బరి కొట్టులో గుమాస్తాని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఫోనులో ధరలు చెప్పడమే నా పని. పండగ తర్వాత లారీలు కదిలే రోజులవి. పన్ను విరిగిందని సెలవు పెట్టేవాడెవడు? పైగా మొదటి రెండు రోజులు నొప్పి లేదు. చల్లటి నీళ్ళు తగిలితే జివ్వుమనేది, అంతే. ఎడమవైపు నములుతూ గడిపేశాను.

మూడో రాత్రి మొదలైంది. పగలంతా సన్నగా గుర్తు చేస్తున్నది, పడుకోగానే పోటుగా మారింది. గుండె కొట్టుకున్నప్పుడల్లా పన్నులో సమ్మెట దెబ్బ. లేచి కూర్చుంటే కొంచెం నయం, తల వాల్చితే మళ్ళీ అదే. దానికి కారణం తర్వాత డాక్టరమ్మ చెప్పారు. పన్ను లోపల నరం, రక్తనాళాలు ఉండే మెత్తటి గుజ్జు ఉంటుందట. దెబ్బ తగిలితే చర్మం ఉబ్బినట్టే అదీ ఉబ్బాలని చూస్తుంది. చుట్టూ గట్టి గోడలు కాబట్టి ఉబ్బడానికి చోటు లేదు. పడుకున్నప్పుడు తలలోకి రక్తం ఎక్కువగా వచ్చి ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. ఆ రాత్రి నాకు ఇవేవీ తెలియవు. అరుగు మీద దుప్పటి కప్పుకుని, దాళ్వా, అంటే రెండో పంట ఊడ్పుల నీళ్ళలో కప్పల అరుపులు వింటూ తెల్లవార్లూ కూర్చున్నాను.

ఇంట్లో వైద్యాలకు కొదవ లేదు. అమ్మ లవంగం నూరి పెట్టింది. నిజంగానే అరగంట మొద్దుబారింది కానీ, అత్యాశతో ముద్ద మొత్తం అక్కడే కుక్కుకోవడంతో చిగురు కాలి పొక్కింది. జామాకులు మరగబెట్టిన నీళ్ళు పుక్కిలించబోతే ఆ వేడికి ప్రాణం పోయినంత పనైంది. అప్పుడొక వింత గమనించాను. మొదట్లో చల్లటి నీళ్ళకు జివ్వుమన్న పన్నుకు ఇప్పుడు వేడి పడటం లేదు, చల్లదనమే హాయిగా ఉంది. ఫ్రిజ్ నీళ్ళ సీసా పక్కన పెట్టుకుని గుక్క గుక్కగా నోట్లో నిలుపుకునేవాణ్ణి. ఆ గుక్క వెచ్చబడేదాకా నేను మనిషిని. నరం చావుకు దగ్గరపడినప్పుడు ఇలా జరుగుతుందట. నేనేమో మందు కనిపెట్టానని సంబరపడ్డాను.

"వెళ్ళి చూపించుకోండి" అని మా ఆవిడ రోజుకు నాలుగుసార్లు అంటూనే ఉంది. అమ్మ మాత్రం ఒప్పుకోలేదు.

"పన్ను పీకేస్తారురా. పన్ను పీకితే కంటిచూపు పోతుంది."

"అది పై పన్నుకు చెబుతారమ్మా. నాది కింది పన్ను."

"ఏ పన్నయితేనేం, కన్ను కన్నే కదా!"

ఈ మాట మా ఇంట్లో మూడు తరాలుగా ఉంది. పంటి వేళ్ళకు, కంటిచూపుకు సంబంధమే లేదని ఇప్పుడు నేను ధైర్యంగా చెప్పగలను. అప్పుడు మాత్రం లోలోపల ఆ భయం నాకూ ఉంది. కుర్చీకీ సూదికీ భయపడి అమ్మ మాటను అడ్డం పెట్టుకున్నాననడమే నిజం. మందుల షాపులో కుర్రాణ్ణి అడిగి నొప్పి గోళీలు, 500 మిల్లీగ్రాముల అమాక్సిసిలిన్ అనే యాంటీబయోటిక్ గోళీలు ఒక ఆరు తెచ్చుకున్నాను. రెండు రోజులు వేసుకున్నాను.

అంతే, నొప్పి పోయింది.

తగ్గుతూ తగ్గుతూ పోలేదు. దీపం ఆర్పినట్టు పోయింది. పొద్దున్నే లేచి చల్లటి నీళ్ళు పోశాను, వేడి కాఫీ తాగాను. పన్ను ఉలకలేదు, పలకలేదు. "చూశావా, ఊరికే కంగారుపెట్టావు" అని మా ఆవిడతో అన్నాను. ఆ పది రోజులు నేనెంత తెలివైనవాణ్ణో కొట్టులో హమాలీలకు కూడా చెప్పుకున్నాను. ఒకాయనకు పంటి నొప్పంటే నా గోళీల పేరు కాగితం మీద రాసిచ్చాను కూడా. ఆ కాగితం ఆయన పారేసుకుని ఉంటే ఆయన అదృష్టం.

పదకొండో రోజున అన్నం నములుతుంటే కింది పన్ను పై పన్నుకు ముందే తగిలింది. రాత్రికి రాత్రి ఎత్తు పెరిగినట్టుంది. మర్నాటికి దవడ బరువెక్కింది. ఆ మరునాడు అద్దంలో నా ముఖం సగం నాది, సగం ఇంకెవరిదో. మా ఆవిడ ఉప్పు మూటగట్టి కాపడం పెట్టింది. సాయంత్రానికి వాపు ఇంకా పెరిగి, కుడి కన్ను కింద చర్మం నిగనిగలాడింది. చలిజ్వరం వచ్చింది. కొట్టులో ఫోను ఎత్తి కురిడీ, అంటే ఎండు కొబ్బరికాయ ధర చెప్పబోతే, రకాల పేర్లలో "గండేరా" ఎలాగో వచ్చింది కానీ "గటగట" రాలేదు. నోరు తెరుచుకోవడం లేదు. అవతలి వ్యాపారి నేను తాగి ఉన్నాననుకున్నాడు. షావుకారు గారు నా ముఖం చూసి ఫోను లాక్కుని, ఆటో పిలిపించారు.

అమలాపురంలో డాక్టరమ్మ వయసులో మా చెల్లెలికన్నా చిన్నది. ముందు పన్ను చూడలేదు. మింగగలుగుతున్నారా, నాలుక పైకి లేచినట్టుందా, ఊపిరి సరిగా ఆడుతోందా అని అడుగుతూ దవడ కింద, మెడ మీద వేళ్ళతో నొక్కి చూశారు. తర్వాత నోట్లో వేళ్ళు నిలువుగా పెట్టి కొలిచారు. మామూలుగా మూడు వేళ్ళు పట్టాలట, నాకు రెండు కష్టంగా పట్టాయి.

"వాపు ఇంకా బుగ్గలోనే ఉంది, అదృష్టవంతులు. కింది పళ్ళ చీము నాలుక కిందికి, మెడలోకి దిగితే గొంతు మూసుకుపోతుంది. అప్పుడు నేను చేయగలిగింది లేదు, కాకినాడ పెద్దాసుపత్రికి పరుగెత్తాల్సిందే" అన్నారు. దానికి లడ్విగ్స్ ఆంజైనా అని పేరట. 1836లో ఒక జర్మన్ వైద్యుడు దాన్ని వర్ణించాడట. పంటితో మనిషి చచ్చిపోవచ్చునని ఆ రోజు దాకా నాకు తెలియదు.

ఎక్స్‌రేలో పన్ను వేరు చివర చింతగింజంత నల్లటి నీడ ఉంది. నేను నా పది రోజుల సంగతి, గోళీల సంగతి చెప్పాను. ఆమె నవ్వలేదు.

"నొప్పి తగ్గిన రోజునే మీరు రావలసింది. ఆ రోజు నరం చనిపోయింది. చచ్చినది నొప్పెలా పెడుతుంది? లోపల కుళ్ళినదంతా వేరు చివరి నుంచి ఎముకలోకి దిగడానికి ఈ పది రోజులు పట్టింది."

"మరి గోళీలు వేసుకున్నాను కదండీ?"

"గోళీ రక్తంతో పాటు వెళ్ళాలి. చచ్చిన పన్నులోకి రక్తమే వెళ్ళదు. చీము బయటికి పోవడానికి దారి చేయకుండా ఎన్ని గోళీలు వేసినా గుమ్మం బయటే ఆగిపోతాయి. ఇక బయట కాపడం పెట్టకండి, చీము చర్మం వైపు దారి వెతుక్కుంటుంది."

సూది వేసే ముందు వేలి కొన మీద రక్తపు బొట్టు తీశారు. చక్కెర 291. నాకు చక్కెర జబ్బు ఉందని అంతకుముందు ఎవరూ చెప్పలేదు, నేను ఎవరినీ అడగలేదు. నంజు వల్ల చక్కెర పెరుగుతుందట, చక్కెర వల్ల నంజు మానదట. రెండూ ఒకదాని భుజం మీద ఒకటి చేయి వేసుకుని నా దవడలో తిరుగుతున్నాయన్నమాట.

మత్తు సూది పూర్తిగా పట్టలేదు. చీము పట్టిన చోట ఆమ్లం ఎక్కువగా ఉంటుందనీ, అక్కడ మత్తుమందు బలం తగ్గుతుందనీ ఆమె ముందే హెచ్చరించి, దవడ వెనక్కి ఇంకో సూది వేశారు. బుగ్గ లోపల చిగురు పక్కన చిన్న గాటు పెట్టారు, పన్నుకు పైనుంచి రంధ్రం చేశారు. ఆ వాసన గురించి రాయను. ఒక్క మాట చెబుతాను, నా నోట్లోంచి వచ్చిన ఆ వాసనకు నేనే ముఖం తిప్పుకోబోయాను. కానీ ఆ క్షణానే ఒత్తిడి దిగిపోయింది. ఇరవై రోజుల్లో మొదటిసారి దవడ నా దవడలా అనిపించి, కుర్చీలోనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నొప్పి వల్ల అనుకుని ఆమె ఆగారు. కాదని చేయి ఊపాను.

అమాక్సిసిలిన్‌తో పాటు మెట్రోనిడజోల్ అనే ఇంకో యాంటీబయోటిక్ కూడా ఐదు రోజులు ఇచ్చారు. అది వేసుకున్నన్నాళ్ళూ రాగి చెంబు నాకినట్టు ఉండేది నోరు. పక్కింటి వాళ్ళ పెళ్ళి విందులో స్నేహితులు మందు గ్లాసు అందిస్తే, ఆ గోళీలతో అది కుదరదని చెప్పి తప్పించుకున్నాను. తిండి అంటే గంజి, పెసరకట్టు. రాగిజావలో బెల్లం మానేశాను. జ్వరం రెండో రోజుకే పోయింది, వాపు వారానికి తీసింది. చక్కెర డాక్టరు మూడు నెలల సగటు పరీక్ష చేయిస్తే 9.4 వచ్చింది. చక్కెర తగ్గించే మెట్‌ఫార్మిన్ గోళీ మొదలైంది.

తర్వాత పంటి డాక్టరమ్మ మూడు విడతలుగా రూట్ కెనాల్ చేశారు. భయపడినంత లేదు, నోరు తెరిచి తెరిచి దవడ లాగడమే కష్టం. ఆ పన్నులో మూడు కాలువలున్నాయని ఆవిడ చెప్పినప్పుడు, డెల్టా వాణ్ణి కదా, వెంటనే అర్థమైంది. పూడిక తీసి, నీళ్ళు పారించి, కట్ట కట్టడమే. సన్నటి సూదుల్లాంటి ఫైళ్ళతో గీకారు, మందు నీళ్ళతో కడిగారు, విడతకూ విడతకూ మధ్య కాల్షియం మందు నింపి మూశారు. ఆఖరున గట్టాపర్చా అనే చెట్టు జిగురుతో నింపారు. ఒకప్పుడు సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫ్ తీగలకు తొడిగింది ఈ జిగురేనని మా అమ్మాయి చదివి చెప్పింది. ఆ పైన తొడుగు వేశారు. ఆరేళ్ళ వయసులో వచ్చే పన్నట అది. ఏ పాలపన్నూ ఊడకుండానే వెనకాల మొలుస్తుంది కాబట్టి చాలామంది తల్లులు దాన్నీ పాలపన్నే అనుకుని పట్టించుకోరట.

గుమాస్తాని కనుక లెక్క రాసుకున్నాను. రూట్ కెనాలుకు 4,500, తొడుగుకు 5,000, ఎక్స్‌రేలు, మందులు, ఆటోలు కలిపి ఇంకో మూడువేల పైచిలుకు. పన్ను విరిగిన వారమే వెళ్ళి ఉంటే వాపు ఖర్చూ, జ్వరం ఖర్చూ ఉండేవి కావు. కానీ చక్కెర సంగతి కూడా ఇంకెప్పటికో బయటపడేది. ఆ పద్దు ఎటువైపు రాయాలో తెలియక ఖాళీగా వదిలేశాను.

కిందటి వారం తనిఖీకి వెళితే ఎక్స్‌రేలో ఆ నీడ సగానికి తగ్గింది. ఎముక మళ్ళీ పూడుకుంటోందన్నారు. వస్తూ వస్తుండగా ఎడమవైపు అద్దం పెట్టి చూసి, అక్కడ కూడా ఒక పాత సిమెంటు అంచు లేచిందనీ, విరగకముందే మార్చుకోవాలనీ చెప్పి బుధవారం రమ్మన్నారు. ఇంట్లో ఆవిడకు చెప్పాను. అమ్మకు మాత్రం చెప్పలేదు. ఈసారిది పై పన్ను.