గోడ మీద మూడు దీపాలు

పలాసలో నాది మోటారు వైండింగు షాపు. సాయంత్రమైతే పాలిటెక్నిక్ చదివే కుర్రాళ్లు ఈఎస్‌పీ32 బోర్డు (ప్రోగ్రాం రాసి నడిపించే చిన్న కంప్యూటరు లాంటిది) పట్టుకొచ్చి "దీంతో ఏటి సేద్దాం మావయ్యా?" అని అడుగుతుంటారు. ఎల్ఈడీ మినుకుమనిపించడం, గదిలో వేడి ఎంతో చూపించడం అయిపోయాక ఇంకేం తోచదు. ఇంట్లో ఎవరు దేనికోసం ఎదురు చూస్తున్నారో చూడండి, మీ ప్రాజెక్టు అదే అంటాను.

మా ఇంట్లో ఎదురుచూపు నాన్నది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి చెట్లను నేలకూల్చాక మళ్లీ మొక్కలు వేశాం. వేసవిలో వాటికి బోరు నీళ్లే దిక్కు. త్రీఫేజ్ కరెంటు ఎప్పుడొస్తుందో, మధ్యలో ఎప్పుడు పోతుందో తెలియక నాన్న తోటకీ ఇంటికీ తిరిగేవారు. ఆయన ఫోన్లో యాప్ పెట్టొచ్చు గానీ, నాకు నచ్చలేదు. వీధి గది గోడకి చిన్న చెక్క మీద ఎరుపు, పసుపు, నీలం ఎల్ఈడీలు బిగించాను. ఆర్, వై, బీ ఫేజుల రంగులవి, మోటారున్న రైతుకి కొత్తగా నేర్పక్కర్లేదు. నీలం ఎల్ఈడీకి దాదాపు 3 వోల్టులు కావాలి కాబట్టి దాని రెసిస్టరు (కరెంటును అదుపు చేసే భాగం) విలువ మాత్రం తగ్గించాలి, లేకపోతే మిగతా రెండింటి పక్కన వెలవెలబోతుంది.

తోటలో ఒక బోర్డు కరెంటు చూసి కబురు పంపితే, ఇంట్లో ఇంకో బోర్డు ఈ దీపాలు వెలిగిస్తుంది. వీటిలో తోట వైపు పనే అసలైనది. 230 వోల్టులు బోర్డు దరిదాపుల్లోకి రాకూడదు. అందుకే ఒక్కో ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య ఒక మంచి ఫోన్ చార్జరు పెట్టి, ముందు చిన్న ఫ్యూజు వేశాను. చార్జరు ఇచ్చే 5 వోల్టులను 10 కిలో ఓమ్‌లు, 15 కిలో ఓమ్‌ల రెసిస్టర్లతో 3 వోల్టులకు దించితే బోర్డు పిన్నుకి సరిపోతుంది. కొన్ని బోర్ల దగ్గర స్టార్టరు పెట్టె వరకూ న్యూట్రల్ రాదు. అక్కడ ఎర్తు వైరుని న్యూట్రల్‌గా వాడి పని కానిచ్చేద్దాం అనుకోవద్దు, ప్రాణం మీదికొస్తుంది. ఈ వైరింగు చేయి తిరిగిన ఎలక్ట్రీషియనే చెయ్యాలి.

పిన్నుల ఎంపికలోనూ కిటుకుంది. ఈఎస్‌పీ32లో 12వ పిన్ను బోర్డు ఆన్ అయ్యే క్షణంలో హైలో (వోల్టేజీ ఉన్న స్థితిలో) ఉంటే మామూలు బోర్డు బూట్ కాదు. అంటే ఫేజు చార్జరు నుంచి 3 వోల్టులకు దించిన వైరు దానికిచ్చి, కరెంటు ఉన్నప్పుడు బోర్డు రీసెట్ అయితే ఇక లేవదు. 34, 35, 36 పిన్నులు ఇన్‌పుట్‌కి మాత్రమే పనికొస్తాయి, మనకి కావలసినవీ అవే.

తోటలో వైఫై ఉండదు కాబట్టి రెండు వైపులా లోరా మాడ్యూళ్లు (దూరానికి చిన్న కబుర్లు పంపే రేడియోలు) పెట్టాను. మన దేశంలో 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ వరకూ లైసెన్సు అక్కర్లేదు. యాంటెనా కొనకపోయినా ఫర్వాలేదు, ఇంటి వైరింగులో వాడే సింగిల్ కోర్ రాగి తీగ 8.6 సెంటీమీటర్లు కత్తిరిస్తే చాలు. యాంటెనా లేకుండా మాత్రం మాడ్యూల్‌తో సిగ్నల్ పంపించవద్దు, పాడయ్యే ప్రమాదం ఉంది.

ప్రోగ్రాంలో డిలే (కాసేపు ఆగమనే ఆదేశం) వాడితే ఆ సేపు బోర్డు ఇంకే పనీ చూడదు. బోర్డు ఆన్ అయి ఎన్ని మిల్లీసెకన్లు గడిచాయో చెప్పే మిల్లిస్‌తో రాయండి. తోట బోర్డు పది సెకన్లకోసారి మూడు ఫేజుల స్థితి పంపుతుంది. ఇంటి బోర్డు చివరి కబురు అందిన సమయం గుర్తుపెట్టుకుని, ఇప్పటి సమయంలోంచి దాన్ని తీసేసి చూస్తుంది. అలా తీసివేతగా రాస్తే, 49.7 రోజులకి మిల్లిస్ లెక్క మళ్లీ సున్నాకి వచ్చినా తేడా రాదు. అర నిమిషం పాటు కబురు లేకపోతే రంగు దీపాలన్నీ ఆరి, పక్కనున్న తెల్ల దీపం మినుకుమంటుంది. కరెంటు లేదనడం వేరు, కబురు లేదనడం వేరు. ఈ తేడా చూపించలేని పరికరాన్ని నాన్న నమ్మరు, నమ్మకూడదు కూడా. అందుకే తోట బోర్డుకి ఒక 18650 సెల్ (రీచార్జి అయ్యే లిథియం బ్యాటరీ) పెట్టాను, కరెంటు పోయినా ఆ సంగతి చెప్పగలుగుతుంది.

ఇక మా షాపు అనుభవం ఒకటి. సింగిల్ ఫేజింగులో, అంటే ఒక ఫేజు పోయినా తిరుగుతూ కాలిన స్టార్ కనెక్షన్ (మూడు చుట్ల ఒక్కో కొన ఒకేచోట కలిపిన) మోటారు విప్పితే రెండు ఫేజుల చుట్లు బొగ్గయిపోయి ఉంటాయి, మూడో ఫేజు చుట్టు రాగి మెరుపు కూడా తగ్గకుండా కొత్తదానిలా ఉంటుంది. మోటారు తిరుగుతుండగా ఒక ఫేజు పోతే, ఆ మోటారే పోయిన ఫేజు మీదికి వోల్టేజీ తోస్తుంది. చార్జర్లేమో 100 వోల్టులున్నా పనిచేస్తాయి. అంటే గోడ మీద మూడు దీపాలూ వెలుగుతూనే ఉంటాయి, అక్కడ మోటారు కాలిపోతూనే ఉంటుంది. కాబట్టి ఈ పరికరం ఉంది కదా అని, ఒక ఫేజు పోతే మోటారు ఆపేసే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ తీసేయకండి.

దీన్ని పట్టుకోవాలంటే చూడాల్సింది కరెంటు, అంటే ఆంపియర్లు. తీగ కొయ్యకుండా చుట్టూ బిగించే క్లాంప్ సీటీలు (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్లు) దొరుకుతాయి. మూడు ఫేజులకీ ఒక్కోటి తగిలిస్తే, ఏదైనా ఒకదానిలో ఆంపియర్లు పడిపోయి మిగతా రెండింటిలో పెరిగినప్పుడు బోర్డుకి తెలిసిపోతుంది. ఈసారి కుర్రాళ్లు వస్తే చేయించబోయేది అదే. రావాలనుకునేవాళ్లు లోరా సంగతి పక్కనబెట్టి, ముందు ఏడీసీ పిన్నుతో (వోల్టేజీని అంకెగా మార్చి చదివే పిన్ను) ఏసీ సిగ్నల్ ఎలా చదవాలో చూసుకుని రండి.