మారుతి 800 క్రాంక్ స్ప్రాకెట్, పుల్లీ బిగింపు: నా అనుభవం

ఇంజన్ బోరుకు (సిలిండర్లు అరిగి, పూర్తిగా విప్పి బాగుచేసే పనికి) వచ్చిందంటే అందరి దృష్టీ పిస్టన్లు, రింగులు, బేరింగుల మీదే ఉంటుంది. పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్ ముందు కొసన ఉండే స్ప్రాకెట్ (టైమింగ్ బెల్ట్‌ను తిప్పే పళ్ల చక్రం), పుల్లీ (ఆల్టర్నేటర్ బెల్ట్‌ను తిప్పే చక్రం) చివర్లో బిగించేసే సామాన్లే కదా అనుకుంటారు. ఈమధ్య మా నాన్నగారి మారుతి 800 ఇంజన్ పూర్తిగా విప్పి మళ్లీ కట్టాం. నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది ఆ కొసే.

ముందు కవర్ తీయగానే సంగతి తెలిసింది. అంతకుముందు ఎక్కడో టైమింగ్ బెల్ట్ (క్రాంక్ తిరుగుడును వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్ట్‌కు అందించే పళ్ల బెల్ట్) మార్చినప్పుడు స్ప్రాకెట్ మధ్య బోల్టు సరిగ్గా బిగించలేదు. స్ప్రాకెట్ అటూ ఇటూ ఆడీ ఆడీ కీ (స్ప్రాకెట్‌కూ క్రాంక్‌కూ మధ్య గాడిలో కూర్చునే చిన్న ఇనుప ముక్క) అంచులు అరిగిపోయాయి, క్రాంక్ మీద కీ కూర్చునే గాడి కూడా వెడల్పయింది. ఐడ్లింగ్‌లో వచ్చే టకటక శబ్దం వాల్వులదని ఇన్నాళ్లూ అనుకున్నాం.

చాలామంది బరువంతా కీ మోస్తుందనుకుంటారు. కానే కాదు. స్ప్రాకెట్ ఎక్కడ నిలవాలో చూపించడమే దాని పని. తిప్పే బలాన్ని మోసేది బోల్టు బిగువు. స్ప్రాకెట్ ముఖాన్ని క్రాంక్ మెట్టుకు గట్టిగా అదిమి పెట్టేది ఆ బోల్టే. అది వదులైతే దెబ్బలన్నీ కీ మీద పడతాయి, ఎంత మంచి కీ అయినా నిలవదు.

బాలానగర్‌లో ఒక లేత్ షాపులో క్రాంక్ చూపించాను. గాడిని వెల్డింగ్‌తో నింపి మళ్లీ కోయొచ్చు గానీ వేడికి షాఫ్ట్ వంగే ప్రమాదం ఉంది. అందుకే గాడి బాగున్న వేరే క్రాంక్ తీసుకుని, జర్నల్స్ (బేరింగుల్లో తిరిగే నున్నని భాగాలు) 0.25 మి.మీ. తగ్గించి గ్రైండింగ్ చేయించి, ఆ సైజు బేరింగులు వేశాం. స్ప్రాకెట్, కీ, బోల్టు, ఆయిల్ సీల్ రాణిగంజ్‌లో కొత్తవి కొన్నాను. క్రాంక్ బరువైనా సరే, వెంట తీసుకెళ్లి కీని గాడిలో పెట్టి చూసుకున్నాకే డబ్బులిచ్చాను. వేలితో కదిపితే కదిలే కీ వద్దే వద్దు.

బిగించే రోజు స్ప్రాకెట్ కొంచెం బిర్రుగా ఉంది. మెకానిక్ అన్న ముందే చెప్పాడు: "సుత్తి జోలికి పోకు తమ్మీ, బోల్టే దాన్ని లోపలికి గుంజుకుంటది." ఆ మాట నిజం. కొడితే ఆ దెబ్బ క్రాంక్ ముందుకీ వెనక్కీ జరగకుండా ఆపే థ్రస్ట్ బేరింగులకు తగులుతుంది. షాఫ్ట్ కొసనూ, స్ప్రాకెట్ రెండు ముఖాలనూ పెట్రోల్‌తో తుడిచాం. మధ్యలో చిన్న రజను ఇరుక్కున్నా బిగువు తర్వాత వదులవుతుంది. సీల్ పెదవికి మాత్రం ఇంజన్ ఆయిల్ రాశాం. స్ప్రాకెట్ వెనక ఉండే బెల్ట్ గైడ్ ప్లేటు (బెల్ట్ పక్కకు జారకుండా ఆపే రేకు) అంచు బెల్ట్‌కు దూరంగా వంగి ఉండాలి. తిరగేసి పెడితే అది బెల్ట్‌ను కోసేస్తుంది.

టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) వేసేటప్పుడు క్రాంక్ తిరగకుండా దాని వెనక కొసన ఉండే బరువైన చక్రం ఫ్లైవీల్‌ను లాక్ చేశాం. బెల్ట్‌నో, క్యామ్ స్ప్రాకెట్‌నో ఆపి పట్టుకోవడం తప్పు. బోల్టు మరలకు నూనె రాయాలా వద్దా అన్నది మాన్యువల్ చూసే తేల్చుకోవాలి. నూనె రాసిన బోల్టు అదే టార్క్ అంకె దగ్గర ఇంకా గట్టిగా బిగుస్తుంది.

తర్వాత స్ప్రాకెట్ల మీద ఉండే టైమింగ్ మార్కులు కలపడం. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది. అందుకే బెల్ట్ వేశాక ఇంజన్ తిరిగే వైపుకే పానాతో నెమ్మదిగా రెండు చుట్లు తిప్పి, మార్కులు మళ్లీ చూశాం. కలిశాయి. ఎక్కడైనా గట్టిగా అడ్డం తగిలితే అక్కడితో ఆపేయాలి.

పుల్లీ పని తేలికే. పాత దాని వి-గాడి అడుగు నున్నగా మెరుస్తోంది. అంటే బెల్ట్ పక్కల మీద కాకుండా అడుగున ఆనుతోందన్నమాట, అది పక్కన పడేశాం. కొత్తది బిగించాక ఆల్టర్నేటర్, వాటర్ పంప్ పుల్లీలకు స్టీల్ స్కేలు ఆనించి వరుస చూసుకున్నాం.

ఇంజన్ మొదటిసారి వేడెక్కి చల్లారాక సీల్ దగ్గర చెమ్మ లేదు, టకటక శబ్దం పోయింది. బోల్టు టార్క్ అంకె, బెల్ట్ మార్చిన కిలోమీటర్లు కవర్ మీద పెయింట్ పెన్నుతో రాసిపెట్టాను. ఈసారి ఎవరు విప్పినా ఆ అంకెకే బిగించమని అడుగుతాను.