గోప్యతా ఒప్పందం ఒకవైపు, ప్రజాప్రయోజనం మరోవైపు: జీఎస్-4 కేస్ స్టడీలో ఏం రాయాలి

కంపెనీలో తప్పు జరుగుతోందని తెలిసిపోయిన ఉద్యోగి, చేరిన రోజే అతను సంతకం పెట్టిన గోప్యతా ఒప్పందం. సివిల్స్ మెయిన్స్‌లో జీఎస్-4గా వచ్చే ఎథిక్స్ పేపర్‌కు ప్రిపేరయ్యే వాళ్లందరికీ ఈ కేసు ఏదో ఒక రూపంలో తగులుతుంది. ఎక్కువమంది విధేయత, మనస్సాక్షి అంటూ రెండు పేరాలు నడిపి, ‘ప్రజాప్రయోజనమే మిన్న, కాబట్టి మీడియాకు చెబుతాను’ అని తేల్చేస్తారు. మార్కులు జారిపోయేది అక్కడే. ఈ కేసులో తేల్చాల్సినవి రెండు: ఎవరికి చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి.

ముందు చట్టం. భారత కాంట్రాక్టు చట్టం, 1872లో సెక్షన్ 23 ప్రకారం ఒప్పందం ఉద్దేశం చట్టవిరుద్ధమైనా, ప్రజావిధానానికి విరుద్ధమైనా అది చెల్లదు. ప్రజావిధానం అనే మాటను ఎంతవరకు సాగదీయొచ్చన్న దానిపై సుప్రీంకోర్టు తీర్పులు రెండూ జంటగా చదవండి. గెరూలాల్ పారఖ్ కేసు (1959)లో కోర్టు ఆచితూచి అడుగేసింది, కొత్త కొత్త కారణాలు కనిపెట్టి ఒప్పందాలను కొట్టేయడం సరికాదంది. బ్రోజోనాథ్ గంగూలీ కేసు (1986)లో మాత్రం బేరమాడే శక్తి లేని ఉద్యోగిపై రుద్దిన అన్యాయమైన షరతు చెల్లదని తేల్చింది. ఒక్క తీర్పే రాస్తే వాదన ఒంటికాలి మీద నిలబడుతుంది.

అలాగని గోప్యతా ఒప్పందాలన్నీ చెత్తబుట్టలోకే అని రాయకండి. నిరంజన్ శంకర్ గోలికారీ కేసు (1967)లో ఉద్యోగ కాలానికి సంబంధించిన ఇలాంటి షరతులను సుప్రీంకోర్టు సమర్థించింది. ఫార్ములా, తయారీ విధానం, ధరల పట్టిక దాచమనడం న్యాయమే. నేరాన్ని దాచమనడం వేరే సంగతి. ఒకే ఒప్పందంలో రెండూ ఉండొచ్చు. మొదటి భాగాన్ని నిలబెట్టి రెండోదాన్ని విడదీసి చూపిస్తే అదే పరిణతి.

‘ఎవరికి’ అన్నదానికి స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధనలే చక్కటి ఉదాహరణ. ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిబంధనలు, 2015కు 2019లో ఇన్‌ఫార్మెంట్ల (సమాచారం అందించేవాళ్ల) అధ్యాయం చేర్చారు. సెబీకి సమాచారం ఇవ్వకుండా అడ్డుకునే ఒప్పంద షరతు ఆ మేరకు చెల్లదని అందులో సూటిగా ఉంది. ఇదే పద్ధతి బ్రిటన్‌లో ఇంకా విస్తృతంగా కనిపిస్తుంది: 1998 నాటి ప్రజాప్రయోజన వెల్లడి చట్టంతో ఉపాధి హక్కుల చట్టంలోకి వచ్చిన సెక్షన్ 43జే. అమెరికాలో 2015లో కేబీఆర్ అనే కంపెనీకి అక్కడి మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ 1,30,000 డాలర్ల జరిమానా వేసింది. అంతర్గత విచారణలో మాట్లాడిన ఉద్యోగులు లీగల్ విభాగం అనుమతి లేకుండా ఆ విషయం బయట చర్చిస్తే చర్య తప్పదని పత్రాల్లో రాసి సంతకాలు తీసుకోవడమే తప్పయింది. నిజంగా ఎవరినైనా అడ్డుకున్న దాఖలా లేకపోయినా వదల్లేదు.

మన దగ్గర లోటు పెద్దది. తప్పులను బయటపెట్టేవాళ్ల కోసం తెచ్చిన విజిల్ బ్లోయర్స్ రక్షణ చట్టం 2014లోనే ఆమోదం పొందినా అమల్లోకి రాలేదు. ‘ఈ చట్టం కింద రక్షణ ఉంది’ అని రాసేవాళ్లు చాలామంది, దయచేసి మీరు రాయకండి. ప్రస్తుతానికి దిక్కు 2004 నాటి పిడ్‌పీ (PIDPI, ప్రజాప్రయోజన వెల్లడి, సమాచారమిచ్చినవారి రక్షణ) తీర్మానం, దాని కింద కేంద్ర విజిలెన్స్ కమిషన్. కవరుపై పిడ్‌పీ అని రాయాలి, పేరు, చిరునామా మాత్రం లోపలి లేఖలోనే ఉండాలి. పేరు లేని ఫిర్యాదును తీసుకోరు. ఇది కేంద్ర ఉద్యోగులపై, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలపై వచ్చే ఫిర్యాదులకే. ప్రైవేటు కంపెనీ కేసులో దీన్ని ఉదహరిస్తే పప్పులో కాలేసినట్టే. లిస్టెడ్ కంపెనీల్లో కంపెనీల చట్టం, 2013 సెక్షన్ 177 కింద విజిల్ మెకానిజం (తప్పులపై లోపలే ఫిర్యాదు చేసే ఏర్పాటు) ఉండాలి, తప్పనిసరైనప్పుడు ఆడిట్ కమిటీ చైర్‌పర్సన్‌ను నేరుగా కలవొచ్చు.

ఇక నమూనా కేసు. మందుల కంపెనీలో నాణ్యత విభాగం ఉద్యోగి. స్టెబిలిటీ పరీక్షలో (మందు గడువుదాకా చెడకుండా ఉంటుందా అని చూసేది) ఫెయిలైన బ్యాచ్‌లకు అంకెలు మార్చి మార్కెట్‌లోకి వదులుతున్నారు. నోరు విప్పితే 50 లక్షలు కట్టాలని ఒప్పందం. జవాబులో మొదట ఆధారం: లాగ్‌బుక్‌లో ఉన్న అంకె, నివేదికలోకి ఎక్కిన అంకె, బ్యాచ్ నంబరు, తేదీ. పత్రాలన్నీ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకెళ్తానని రాస్తే ఐటీ చట్టం సెక్షన్ 43 మెడకు చుట్టుకుంటుంది. బ్యాచ్ నంబర్లు చేతిలో ఉంటే చాలు, రికార్డులను డ్రగ్ ఇన్‌స్పెక్టరే స్వాధీనం చేసుకోగలడు. తర్వాత లిఖితపూర్వకంగా అంతర్గత ఫిర్యాదు. ఇక్కడ చిక్కు ఏమిటంటే, ఫిర్యాదు అందగానే ఆధారాలు మాయం కావొచ్చు. రోగుల ప్రాణాలతో ముడిపడినప్పుడు లోపలి జవాబు కోసం వారాలు కాచుకోకుండా రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖకు వెళ్లడమే సరి. అక్కడ చెప్పేది ఫెయిలైన బ్యాచ్‌ల గురించే, మందు తయారీ విధానం గురించి కాదు. 50 లక్షల బెదిరింపుకు కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 గుర్తుంచుకోండి: రాసుకున్న అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే, కోర్టు ఇచ్చేది సమంజసమైన పరిహారం. నిజమైన ఉదాహరణ కావాలంటే మందుల కంపెనీ రాన్‌బాక్సీ ఉంది. మాజీ ఉద్యోగి దినేశ్ ఠాకూర్ అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాకా వెళ్లారు, 2013లో కంపెనీ అమెరికాలో 50 కోట్ల డాలర్లు చెల్లించింది.

మీడియా చివరి మెట్టు. అది ఎప్పుడు సబబో లయన్ లేబొరేటరీస్ కేసు (1984) చెబుతుంది. తాగి నడిపేవాళ్లను పట్టే శ్వాస పరీక్ష యంత్రంలో లోపాలున్నాయని మాజీ ఉద్యోగులు బయటపెట్టిన అంతర్గత పత్రాలను పత్రిక ప్రచురించొచ్చని ఇంగ్లండ్ అప్పీలు కోర్టు అంది. ఆ యంత్రానికి ఆమోదం ఇచ్చింది బ్రిటన్ హోం శాఖ (హోం ఆఫీస్) యే, అమాయకులకు శిక్ష పడే ప్రమాదమూ ఉంది. ఫిర్యాదు వినాల్సిన వ్యవస్థకే ఆ విషయంలో పాత్ర ఉన్నప్పుడు ఈ తీర్పు వాడండి.

ప్రభుత్వమే గోప్యత అంటే దారి మారుతుంది. ఆర్టీఐ చట్టంలో 8(1)(డి) వాణిజ్య గోప్యతను కాపాడుతుంది, 8(2) విస్తృత ప్రజాప్రయోజనం కోసం తలుపు తెరుస్తుంది. జయంతీలాల్ మిస్త్రీ కేసు (2015)లో బ్యాంకుల తనిఖీ నివేదికలు ఇవ్వాల్సిందేనని ఆర్‌బీఐకి సుప్రీంకోర్టు చెప్పింది. ప్రైవేటు కంపెనీపై నేరుగా ఆర్టీఐ వేస్తానని మాత్రం రాయకండి.

లైంగిక వేధింపుల కేసు వస్తే జాగ్రత్త. పోష్ చట్టం, 2013 సెక్షన్ 16 గోప్యత బాధితురాలి గుర్తింపునూ కాపాడుతుంది, దాన్ని కంపెనీ నోరుమూయించే షరతుతో కలిపేస్తే జవాబు తలకిందులవుతుంది. సెక్షన్ 10 కింద రాజీకి డబ్బు ప్రాతిపదిక కాకూడదు, ఈ ఒక్క వాక్యం రాసినా తేడా కనిపిస్తుంది.

20 మార్కుల కేసుకు 250 పదాలు, 180 నిమిషాలను మార్కులతో పంచుకుంటే చేతికొచ్చేది 14 నిమిషాలు. ఇందులో సగం పదాలు కార్యాచరణకే పెట్టండి. కేసుతో సంబంధమున్నవాళ్ల (స్టేక్‌హోల్డర్ల) జాబితాకు 30 పదాలు దాటనివ్వొద్దు, సెక్షన్ నంబరు గుర్తులేకపోతే చట్టం పేరు రాసి ముందుకెళ్లండి.