చీర మీద బూట్లు

కర్నూలులో 22 ఏళ్లు ఆర్టీసీ కండక్టర్‌గా పనిచేశాను. ఎక్కువ కాలం కోడుమూరు వైపు పల్లెవెలుగు బస్సుల్లోనే. కుదుపుకు పడిపోకుండా నడుము సీటుకు ఆనించి, బరువంతా ఎడమ కాలి మీద వేసి టికెట్లు కొట్టేదాన్ని. అన్నేళ్లూ కాళ్లకు ఉన్నది నూటయాభై రూపాయల చెప్పులే. అడుగు అరిగి అట్టముక్కలా అయ్యేదాకా మార్చేదాన్ని కాదు.

రిటైరైన ఏడాదికే ఎడమ మోకాలు పట్టేసింది. పొద్దున మంచం దిగితే మొదటి పది అడుగులు గోడ పట్టుకుని వేయాల్సి వచ్చేది. డాక్టరు ఎక్స్‌రే చూసి, అరుగుదల మొదలైంది, ఇప్పుడే ఆపరేషన్ మాట అక్కర్లేదు, బరువు తగ్గి రోజూ నడవండి అన్నారు. మా వీధిలో మాత్రం అందరిదీ ఒకటే మాట: "గుజ్జు అరిగిపోయిందక్కా, ఉన్నదన్నా దాచుకో, నడవొద్దు." నేను వీధి మాటే విన్నాను. కూరగాయలకు కూడా ఆటోలోనే పోయేదాన్ని. ఏడాదిలో ఐదు కిలోలు పెరిగాను. నొప్పి కూడా పెరిగింది.

ఆ తర్వాత ఫిజియోథెరపీకి వెళ్తే అక్కడి అమ్మాయి నాకు అర్థమయ్యేలా చెప్పింది. కీలు మధ్య ఉండే మెత్తటి పొరకు రక్తనాళాలు ఉండవట. చుట్టూ ఉన్న జిగట ద్రవం నుంచే దానికి తిండి. అడుగు వేసినప్పుడు ఆ పొర నొక్కుకుంటుంది, కాలు ఎత్తినప్పుడు స్పాంజిలా ద్రవాన్ని పీల్చుకుంటుంది. కాలు కదపకపోతే దానికి తిండే అందదు. పైగా తొడ కండ బలం తగ్గి, కుదుపంతా కీలు మీదే పడుతుంది. ఒంట్లో ఒక కిలో తగ్గితే ప్రతి అడుగుకూ మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుందని కూడా చెప్పింది. నేను పెరిగిన ఐదు కిలోలను లెక్క వేసుకుంటే ఇరవై కిలోల బియ్యం మూట కనబడింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

"నడిస్తేనే కదమ్మా నొప్పి?" అన్నాను. ఆ అమ్మాయి నా చెప్పులు తిరగేసి చూపించింది. మడమ దగ్గర బయటి అంచు పూర్తిగా అరిగి ఏటవాలుగా ఉంది. ముందు ఇవి మార్చండి అంది.

మా అబ్బాయి ప్రేమగా ఆన్‌లైన్‌లో ఒక జత తెప్పించాడు. దూదిలా మెత్తగా ఉన్నాయి. ఇంట్లో నాలుగడుగులు వేస్తే స్వర్గమే. రోడ్డు మీద పది నిమిషాలు నడిచేసరికి పాదం లోపలికి కుంగి చీలమండ అటూ ఇటూ ఊగింది, మోకాలు ఇంకా ఎక్కువ నొప్పి పెట్టింది. మెత్తదనం వేరు, ఆసరా వేరు అని నాకు అప్పుడే తెలిసింది. రెండో జత నేనే పొద్దున పూట అంగడికి పోయి కొన్నాను. సాయంత్రానికి కాళ్లు ఉబ్బితే అవి పట్టలేదు. చిటికెన వేలి మీద ఆనెకాయ లేచింది.

మూడోసారి తొందరపడలేదు. సాయంత్రం ఆరింటికి పేపరు మీద నిలబడి రెండు పాదాల చుట్టూ పెన్సిలు గీయించుకున్నాను. కూర్చుని గీస్తే కుదరదు, బరువు పడితేనే పాదం పరుచుకుంటుంది. నా కుడి పాదం ఎడమదానికన్నా కొంచెం పెద్దదని ఈ వయసులో తెలిసింది. ఆ కాగితం కత్తిరించుకుని అంగడికి తీసుకుపోయి బూటు అడుగున పెట్టి చూశాను. ఆడవాళ్ల జతలన్నిట్లో కాగితం పక్కలకు బయటికి వచ్చేసింది. అంటే అన్నేళ్లూ నా వేళ్లను ఇరికించి తిరిగానన్నమాట.

దీనికో కారణం ఉంది. మనం వాడే బూట్ల కొలతలు బ్రిటిష్ వాళ్ల నుంచి వచ్చినవి. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబర్ నుంచి 2022 మార్చి దాకా దేశంలో 79 చోట్ల లక్ష మందికి పైగా పాదాలు కొలిచింది. మన పాదాలు యూరప్ వాళ్లకన్నా వెడల్పని తేలింది. మనకోసం 'భా' అని కొత్త కొలతలు కూడా తయారుచేశారు. అవి మన అంగళ్ల దాకా రావాలని గట్టిగా కోరుకుంటున్నాను.

చివరికి మగవాళ్ల వైపు నా కాగితం సరిపోయింది. అంగట్లోని అబ్బాయి నన్ను వింతగా చూశాడు, ఎందుకంటే ప్రతి బూటునూ చేత్తో వంచి, మెలిపెట్టి చూస్తున్నాను. మంచిది వేళ్ల మొదట్లో వంగాలి, నడిమధ్య విరగకూడదు, బట్ట పిండినట్టు మెలి తిరగకూడదు. మడమ వెనక భాగం నొక్కితే గట్టిగా ఉండాలి. పొడవైన వేలి ముందు ఒక బొటనవేలంత ఖాళీ ఉండాలి. రెండూ వేసుకుని అంగడి బయట బండల మీద పది నిమిషాలు తిరిగి, అప్పుడు 2,300 ఇచ్చాను. డబ్బు ఇచ్చేటప్పుడు చేయి వెనక్కి లాగింది, నిజమే. కానీ మా ఇంట్లో మిక్సీకి, పెళ్లి చీరలకు ఇంతకన్నా ఎక్కువే పెట్టాం.

ఇంటి సంగతి కూడా చెప్పాలి. మాది బేతంచెర్ల బండల ఇల్లు. ఎండాకాలం చల్లగా ఉంటుంది, కానీ ఆ బండ మీద ఉత్తకాళ్లతో గంటలు గంటలు వంట చేస్తే మడమలు మోకాళ్లతో కలిసి మొత్తుకుంటాయి. ఇంట్లో తిరగడానికి మాత్రమే వేరే చెప్పులు కొన్నాను. "వంటింట్లోకి చెప్పులా!" అని మా అత్తమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఆమె దగ్గర కూర్చుని, ఇవి గడప దాటవు, దేవుడి గదిలోకి రావు అత్తమ్మా అని చెప్పాను. ఇప్పుడు ఆమెకూ ఒక జత ఉంది.

స్టేడియంలో నడవడం ఏడు నిమిషాలతో మొదలుపెట్టాను. సిమెంటు దారి వదిలేసి మట్టి మీదే నడిచాను. తెల్లారి ఐదున్నరకే, ఎండ ముదరకముందే. చీర కుచ్చిళ్ల కింద బూట్లు చూసి మొదట్లో ఆడవాళ్లు గుసగుసలాడారు. నాకు బాధే వేసింది, అయినా మానలేదు. నెలన్నరకు అరగంట దాకా వచ్చాను, మూడు కిలోలు తగ్గాను. నొప్పి పోయిందని చెప్పను. మోకాలు వాచి వేడిగా ఉన్నా, మడత పడి ఇరుక్కుపోయినా బూట్లతో సర్దుకోవద్దు, డాక్టరు దగ్గరికి పోవాలి. మా ఆయనకు షుగరు, పాదాల్లో స్పర్శ తక్కువ. ఆయన బూట్లు వేసుకునే ముందు లోపల చేయి పెట్టి రాయో ముల్లో ఉందేమోనని నేనే చూస్తాను.

ఉగాదికి ముందు కర్ణాటక భక్తులు మన ఊరి మీదుగా శ్రీశైలానికి నడిచి పోతారు కదా. ఏటా నందికొట్కూరు రోడ్డులో వాళ్లకు మజ్జిగ ఇచ్చే చోటికి ఆటోలో వెళ్లేదాన్ని. ఈసారి నడిచి వెళ్లాను. బొబ్బలెక్కిన పాదాలతో ఒక అవ్వ కూర్చుని ఉంటే, ఆమె కాళ్లకు కొబ్బరినూనె రాస్తూ చాలాసేపు అక్కడే ఉండిపోయాను. ఆమె నా బూట్లను వేలితో నొక్కి చూసి కన్నడంలో ఏదో అడిగింది. నాకు ధర ఒక్కటే అర్థమై, వేళ్లతో చూపించాను.

తిరిగి ఇంటికి కూడా నడిచే వచ్చాను. తెల్లారి లేచాక గోడ పట్టుకున్నాను, రెండు అడుగుల దాకా.