గేర్ బాక్స్ దించకముందు

శుక్రవారం, విజయవాడ ఆటోనగర్

మా లారీ లోడు దించుకుని రాత్రే వచ్చింది. పొద్దున షెడ్డుకెళ్లి చూస్తే ఇంజన్‌కీ గేర్ బాక్స్‌కీ మధ్యనుండే క్లచ్ హౌసింగ్ కింద నల్లటి మడుగు. ఈ మధ్య ప్రతి ట్రిప్పులో దారిలో ఆయిల్ పోయాల్సి వస్తోందని డ్రైవర్ బాబాయ్ చెబుతూనే ఉన్నాడు. పక్క షెడ్డు కుర్రాడు వంగి చూసి, "వెనక సీలు పోయిందన్నా, గేర్ బాక్స్ దించాల్సిందే" అని తేల్చేశాడు.

నాకు టెన్షన్ మొదలైంది. ఇంజన్ లోపల తిరిగే క్రాంక్ షాఫ్ట్ వెనక చివర ఆయిల్ బయటికి రాకుండా ఆపే ఆ సీలు ఖరీదు పెద్ద లెక్కలోది కాదు. దాని దగ్గరికి వెళ్లాలంటేనే ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పాలి, గేర్ బాక్స్ దించాలి, క్లచ్ ప్లేటు తీయాలి, ఫ్లైవీల్ ఊడదీయాలి. ఖర్చంతా కూలీదే. పైగా బండి షెడ్డులో ఉన్నా ఫైనాన్స్ వాయిదా మాత్రం ఆగదు.

మా మేస్త్రి టీ తాగడం పూర్తయ్యేదాకా బండి వైపే రాలేదు. వచ్చాక మడుగులో వేలు ముంచి వాసన చూశాడు. గేర్ ఆయిల్‌కి గంధకం ఘాటు ఉంటుంది, ముక్కుకి ఇట్టే తెలిసిపోతుంది. ఇది అది కాదు. మసి కలిసిన నలుపు, అంటే ఇంజన్ ఆయిలే. డీజిల్ వాసన కూడా లేదు కాబట్టి డీజిల్ పంపును అనుమానించక్కర్లేదు. "కింద చూసి ఏం లాభం తమ్ముడూ, పైనుంచి వద్దాం. ముందు కడగాలి" అన్నాడు.

నిజమే. ఇంజన్‌లో ఎక్కడ కారినా ఆయిల్ కిందికే దిగుతుంది. బండి నడుస్తున్నప్పుడు ముందునుంచి ఫ్యాన్ గాలి, రోడ్డు గాలి కలిసి దాన్ని వెనక్కి నెడతాయి. అందుకే ఇంజన్ పైమూతలా ఉండే టాపెట్ కవర్ కారినా, ముందు టైమింగ్ కవర్ కారినా, పక్కన ఫిల్టర్ సీటు కారినా చివరికి చుక్క పడేది వెనకవైపే. పాపం వెనక సీలు, ఎవరు తప్పు చేసినా కేసు దాని మీదే పడుతుంది.

కడగడానికే సగం పూట పోయింది. ఏళ్ల తరబడి దుమ్ము, ఆయిల్ కలిసి గట్టి పెచ్చులు కట్టాయి. క్లీనర్ కుర్రాడు స్క్రూడ్రైవర్‌తో గీకి, బ్రష్‌తో డీజిల్ కొట్టి, బనియన్ వేస్టుతో తుడిచి, చివర్లో ఎయిర్ పట్టాడు. సెల్ఫ్ మోటార్‌కీ ఆల్టర్నేటర్‌కీ ముందే ప్లాస్టిక్ కవర్లు కట్టారు. పెచ్చులు ఊడేకొద్దీ ఇంజన్ అసలు రంగు బయటపడింది. సైడ్ కవర్‌కి ఒక బోల్టు లేదని కూడా అప్పుడే తెలిసింది. అక్కడ కారడం లేదు గానీ, ఎవరో విప్పి మళ్లీ పెట్టడం మర్చిపోయుంటారు.

ఆరాక పౌడర్ కొట్టాలన్నాడు మేస్త్రి. పెద్ద కంపెనీల వర్క్‌షాపుల్లో అయితే ఆయిల్‌లో రంగు కలిపి, అల్ట్రావయొలెట్ లైటు వేసి చూస్తారు. ఇక్కడ ఆ పనికి బాబాయ్ క్యాబిన్‌లో దాచుకున్న ముఖం పౌడర్ డబ్బా దొరికింది. ఆయన మొహం ముడుచుకున్నా ఇచ్చాడు. జాయింట్లన్నిటి మీదా తెల్లగా చల్లారు.

ఇంజన్ స్టార్ట్ చేసి ఐడిల్‌లో ఉంచితే ఎంతసేపటికీ ఏమీ కనబడలేదు. చల్లగా ఉన్నంతసేపు ఆయిల్ చిక్కగా ఉంటుంది, సన్న సందులోంచి రాదు. బాగా వేడెక్కాలి. బాబాయ్ బండిని ఆటోనగర్ రోడ్ల మీద ఓ చుట్టు తిప్పి తెచ్చాడు. క్యాబిన్‌లో ఇంజన్ మూత ఎత్తి, టార్చ్ వేసి, చిన్న అద్దం పట్టుకుని చూస్తే దొరికింది. టాపెట్ కవర్ వెనక మూల నుంచి పౌడర్ మీద సన్నటి నల్ల గీత. అది హెడ్ వెనకగా జారి, బ్లాకు మీదుగా సరిగ్గా క్లచ్ హౌసింగ్ మీదికే దిగుతోంది. ఎయిర్ కంప్రెషర్‌కి వెళ్లే ఆయిల్ పైపు బోల్టు దగ్గర ఇంకో చిన్న తడి.

వెనక సీలు సంగతి కూడా చూడమన్నాను. హౌసింగ్ అడుగున ఒక రంధ్రం ఉంటుంది. సీలు పోతే ఆయిల్ లోపల్నుంచి అందులోంచే రావాలి. మేస్త్రి కమ్మీకి గుడ్డ చుట్టి లోపలికి పెట్టి తీశాడు. కొంచెం దుమ్ము అంటింది, అంతే.

టాపెట్ కవర్ కింద ఆయిల్ ఆపే ప్యాకింగ్ మార్చేస్తే అయిపోతుందనుకున్నాను. ఆయన ఒప్పుకోలేదు. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి, తలకిందులు చేసి రంధ్రం మీద వదిలేశాడు. అది ఉడుకుతున్న అన్నం గిన్నె మీద మూతలా ఎగిరెగిరి పడింది. అంటే లోపల ప్రెషర్ బయటికి పోలేక పేరుకుపోతోంది. పిస్టన్ రింగుల పక్కనుంచి కొంత గ్యాస్ కిందికి రావడం ఏ ఇంజన్‌లోనైనా మామూలే, అది బ్రీదర్ అనే గాలి పైపు గుండా బయటికి పోవాలి. దారి లేకపోతే ఏ ప్యాకింగ్ మెత్తగా ఉంటే దాన్ని తోసుకుని ఆయిల్‌తో సహా వస్తుంది. బ్రీదర్ పైపు విప్పితే లోపల నల్లటి జిగురు గడ్డకట్టి ఉంది, వేలు కూడా దూరలేదు. కడిగి బిగించాక మూత ఎగరడం మానేసింది, సన్నటి ఆవిరి మాత్రం వస్తోంది. "రింగులు కొంత అరిగాయి. అయినా ఇప్పుడే ఇంజన్ విప్పక్కర్లేదు" అన్నాడు. పని కల్పించుకోవడానికి వచ్చిన అవకాశాన్ని వదులుకునే మెకానిక్ దొరకడం నా అదృష్టమే.

టాపెట్ కవర్ రేకుది. కారుతోందని ఇదివరకు ఎవరో బోల్టులు బలంగా బిగించేశారు, రేకు బోల్టు దగ్గర లోపలికి వంగి, మధ్యలో లేచింది. ఎంత బిగిస్తే అంత కారుతుంది. ఇనప దిమ్మ మీద పెట్టి చిన్న సుత్తితో తట్టి సాపు చేశాడు. కొత్త కార్క్ ప్యాకింగ్‌కి కవర్ వైపు మాత్రమే పల్చగా గమ్ రాసి, బోల్టులు కొద్దికొద్దిగా అన్ని వైపులా సమంగా బిగించాడు. కంప్రెషర్ పైపుకి రాగి వాషర్. కొత్తది తెప్పిస్తానంటే వద్దని, పాతదాన్నే గ్యాస్ మంట మీద ఎర్రగా కాల్చి నీళ్లలో పడేశాడు. అలా చేస్తే గట్టిపడ్డ రాగి మళ్లీ మెత్తబడి సీటు మీద చక్కగా కూర్చుంటుంది. నేను తెప్పించేవాణ్నే, అయితే ఆ కాల్చడం చూడ్డానికి బాగుంది.

సాయంత్రం మళ్లీ వేడెక్కించి చూశాం. మూల పొడిగానే ఉంది. కడిగిన కూలీ దగ్గర కాసేపు బేరమాడాను గానీ తగ్గించలేదు, ఆ కుర్రాడి చేతులు చూశాక నేనూ ఎక్కువ అడగలేదు. రేపు గుంటూరు మిర్చి యార్డులో లోడు ఉంది. దారిలో ఆగినప్పుడల్లా డిప్ స్టిక్ తీసి ఆయిల్ మట్టం చూసి, హౌసింగ్ అడుగు రంధ్రం దగ్గర వేలు పెట్టి చూడమని బాబాయ్‌కి చెప్పాను. సరేనని, పౌడర్ డబ్బా డబ్బులు కూడా ఖర్చులో రాయమన్నాడు. రాశాను.