ముందు ఎర్తింగు, ఆ తర్వాతే స్విచ్‌లు

గుమ్మంలో నిలబడి ఇల్లంతా ఒక చూపు చూసి ‘పాయింటుకు ఇంత’ అని రేటు చెప్పేసే ఎలక్ట్రీషియన్‌కు పాత ఇంటి పని అప్పజెప్పొద్దు. కొత్త ఇంటికైతే ఆ లెక్క నడుస్తుంది. ముప్పై నలభై ఏళ్ల కింద కట్టిన ఇంట్లో బోర్డు వెనక ఏముందో విప్పి చూస్తేగానీ పని ఎంతో తెలియదు. మెయిన్ ఆపి, రెండు బోర్డులు విప్పి, మీటరు నుంచి లోపలికొచ్చే వైరు ఎంత మందమో చూసి, ‘ఎర్తు ఎక్కడ పాతిన్రు సార్?’ అని అడిగే మనిషి దొరికితే, కూలి కొంచెం ఎక్కువైనా అతన్నే పెట్టుకోండి.

నల్లగొండ ప్రకాశం బజార్‌లోనైనా, పాలమూరు క్లాక్ టవర్ దగ్గరైనా ఏ ఎలక్ట్రికల్ షాపులో అడిగినా ఒక ఫోన్ నంబరు ఇస్తారు. ఆ మనిషి చేతిపని బాగానే ఉండొచ్చు. కాకపోతే సామాను కూడా ఆ షాపులోనే కొనిపిస్తాడు, ఆ బిల్లులో అతని కమీషన్ ఉంటుందని తెలుసుకుని బేరమాడండి. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చేశాడా, వైర్‌మన్ పర్మిట్ ఉందా అని అడగడానికి మొహమాటం వద్దు. వాటికన్నా పనికొచ్చే ప్రశ్న ఇంకొకటి ఉంది: ‘తమ్మీ, నీ దగ్గర మెగ్గర్ ఉందా?’ వైరు పొట్టులో నుంచి కరెంటు లీకవుతుందో లేదో కొలిచే మీటరు అది. టెస్టర్, కటింగ్ ప్లయర్ మాత్రమే జేబులో పెట్టుకుని వచ్చే మనిషి ఫ్యాను బిగించగలడు, ఇంటి వైరింగు బాగుందో లేదో చెప్పలేడు. 500 వోల్టుల మెగ్గర్‌తో ఫేజుకూ (కరెంటు తెచ్చే తీగ) ఎర్తుకూ (లీకైన కరెంటును భూమిలోకి పంపే తీగ) మధ్య, న్యూట్రల్‌కూ (కరెంటు తిరిగిపోయే తీగ) ఎర్తుకూ మధ్య కొలిస్తే కనీసం 1 మెగోమ్, అంటే పది లక్షల ఓములు, రావాలి. అంతకన్నా తక్కువొచ్చిన లైను వైరు మార్చాల్సిందే. కొలిచే ముందు టీవీ, ఇన్వర్టరు, ఎల్ఈడీ బల్బులు అన్నీ తీసెయ్యాలి, లేకపోతే అవి కాలిపోవచ్చు.

మీటరు సీలు, స్తంభం మీది జాయింట్ల జోలికి బయటి మనిషి పోకూడదు. ఆ పని కరెంటు పంపిణీ కంపెనీ టీజీఎస్పీడీసీఎల్ వాళ్లది, 1912కు ఫోన్ చేస్తే నమోదు చేసుకుంటారు. మీటరు దాటి లోపల ఏం జరిగినా బాధ్యత ఇంటి ఓనరుదే.

ఇక్కడి పాత ఇళ్లలో సాధారణంగా కనిపించేవి మూడు. చెక్క పట్టీల మీద క్లిప్పులు కొట్టి లాగిన వైరింగు, అల్యూమినియం వైరు, పింగాణీ ఫ్యూజులు. చెక్క పట్టీని చెదలు తింటాయి, పెంకుటింట్లో వాసాల మీద పోయే వైరును ఎలుకలు కొరుకుతాయి. వీటిలో బాగుచేసేదేమీ లేదు, మొత్తం తీసెయ్యడమే. అల్యూమినియం వైరుతో చిక్కు వేరే. బోర్డు దగ్గర ఒక మూర రాగి వైరు కలిపి, మెలేసి, టేపు చుట్టి ‘అయిపోయింది’ అంటారు. అల్యూమినియం, రాగి నేరుగా కలిసినచోట తుప్పులాంటి పొర పడుతుంది, జాయింటు లూజవుతుంది, వేడెక్కుతుంది. స్విచ్‌బోర్డు దగ్గర ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చే ఇళ్లలో ముందుగా చూడాల్సింది ఈ జాయింటునే. ఆ గది లైను మొత్తం రాగి వైరు వేయించండి, అతుకు పని వద్దు.

పింగాణీ ఫ్యూజుల్లో ఎక్కువమందికి తెలియని ప్రమాదం ఒకటుంది. పాత మెయిన్ బోర్డుల్లో ఫేజుకొక ఫ్యూజు, న్యూట్రల్‌కొక ఫ్యూజు పెట్టేవాళ్లు. న్యూట్రల్ ఫ్యూజు పోతే లైట్లన్నీ ఆరిపోతాయి, ఫేజులో మాత్రం కరెంటు అట్లాగే ఉంటుంది. ‘కరెంటు పోయింది’ అనుకుని హోల్డరులో వేలు పెట్టిన మనిషి సంగతి చెప్పనక్కర్లేదు. న్యూట్రల్‌లో ఫ్యూజు ఉంటే తీయించి నేరుగా లింకు (తీగలు కలిపే లోహపు పట్టీ) వేయించండి. స్విచ్ కూడా ఫేజునే తెంపుతుందా లేదా చూడాలి. స్విచ్ ఆపి, హోల్డరులో టెస్టర్ పెడితే వెలగకూడదు. పాత ఇళ్లలో ఒకటి రెండు చోట్లయినా వెలుగుతుంది.

ఇప్పుడు ఎర్తింగు. డబ్బు ముందు ఇక్కడే పెట్టాలి. పాతకాలంలో చాలా ఇళ్లలో ఎర్తు తీగను నల్లా పైపుకు చుట్టేవాళ్లు. అప్పుడది ఇనుప పైపు, భూమిలో నుంచి వచ్చేది. తర్వాత వీధిలో ప్లాస్టిక్ పైపు వేశారు, ఎర్తు పోయింది, తీగ మాత్రం చుట్టి ఉంది. ఇంకొన్ని ఇళ్లలో త్రీపిన్ సాకెట్టు విప్పి చూస్తే ఎర్తు పిన్ను నుంచి న్యూట్రల్‌కు ఒక చిన్న ముక్క తీగ కలిపి ఉంటుంది. టెస్టులో ఎర్తు ఉన్నట్టే చూపిస్తుంది. బయట న్యూట్రల్ ఊడిన రోజున ఫ్రిజ్, వాషింగ్ మిషన్, గ్రైండరు, ఎర్తు పిన్ను ఉన్న ప్రతి దాని బాడీలోకి 230 వోల్టులు వచ్చేస్తాయి. అలాంటి ముక్క ఏ సాకెట్టులో కనిపించినా అక్కడికక్కడే తెంపించాలి.

మన నేల ఎర్ర చెల్క, మొరం, దాని కింద రాయి. రెండు మూడడుగులు తవ్వగానే బండ తగిలే వాకిళ్లు బోలెడు. 40 ఎంఎం జీఐ పైపు రెండున్నర మీటర్లు దిగాలి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వెయ్యాలి, పైన నీళ్లు పొయ్యడానికి గరాటు, సిమెంటు తొట్టి ఉండాలి. బండ తగలగానే పైపును సగానికి కోసి పాతేసి, పైన సిమెంటు చేసేస్తే మీకు తెలిసే దారి లేదు. కాబట్టి పైపు దించేటప్పుడు పక్కన నిలబడండి. దిగకపోతే చోటు మార్చమనండి: స్నానాల గది నీళ్లు పారే వైపు, నీళ్ల తొట్టి పక్క, ఎప్పుడూ తడి ఉండే నేల. అయినా లోతు దొరక్కపోతే మూడు మీటర్ల దూరంలో రెండో గుంట తీసి రెండూ కలపాలి. ఉప్పు పైపును తినేస్తుంది, అందుకే ఈమధ్య బెంటొనైట్ (తేమను పట్టి ఉంచే మట్టి) పొడి వేసే కెమికల్ ఎర్తింగు అడుగుతున్నారు. ఖర్చు ఎక్కువ, రాతినేలలో ఆ ఖర్చు దండగ కాదు. గుంట నుంచి బోర్డుకు పోయే తీగను పైపుకు చుట్టి వదిలెయ్యకూడదు. బోల్టు, వాషరు వేసి బిగించాలి, ఆ బోల్టు తొట్టిలో కంటికి కనబడాలి. ఎండాకాలంలో వారానికో బిందె నీళ్లు పొయ్యండి.

ఎర్తు ఒక్కటే బాగుంటే చాలా అంటే చాలదు, దానికి లెక్క ఉంది. రాతినేలలో ఎర్తు నిరోధం 20 ఓములు వచ్చిందనుకుందాం. ఫేజు తీగ కూలరు బాడీకి తగిలితే ఆ ఎర్తులోకి పోయేది 230ని 20తో భాగిస్తే వచ్చే పదకొండున్నర ఆంపియర్లు. లోడు మించితే దానంతటదే పడిపోయే స్విచ్ ఎంసీబీ. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది మామూలు లోడు, పడిపోదు. బాడీలో కరెంటు అట్లాగే ఉంటుంది. అదే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (పోయిన కరెంటుకూ తిరిగొచ్చిన కరెంటుకూ తేడా వస్తే పడిపోయే స్విచ్) ఉంటే క్షణంలో తెంపేస్తుంది. షాపులో ఈఎల్‌సీబీ అని అడిగినా అదే ఇస్తారు. మామూలు ఇంటికి రెండు పోళ్లది (ఫేజు, న్యూట్రల్ రెండిటినీ తెంపేది), 40 ఆంపియర్లు, 30 మిల్లీ ఆంపియర్లు అని చూసి తీసుకోండి. 100 మిల్లీ ఆంపియర్లది మనిషిని కాపాడదు.

ఆర్‌సీసీబీ పెట్టిన మర్నాడే ‘ఊకె పడిపోతున్నది, తీసేద్దాం సార్’ అంటాడు మేస్త్రీ. తీయనివ్వకండి. అది ఊరికే పడదు. పాత ఇంట్లో ఒక గది న్యూట్రల్ ఇంకో గది లైట్లకు వాడి ఉంటారు, లేదా ఇన్వర్టరు పెట్టిన మనిషి న్యూట్రళ్లన్నీ ఒకే చోట ముడేసి ఉంటాడు. ఇన్వర్టరు ఫేజు ఆర్‌సీసీబీకి ముందు నుంచి తీసుకుని, న్యూట్రల్ దాని తర్వాత కలిపితే పోయిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు లెక్క కుదరదు, పడిపోతుంది. రెండూ ఆర్‌సీసీబీ తర్వాత నుంచే రావాలి, ఇన్వర్టరు లైట్లకు న్యూట్రల్ లింకు వేరుగా ఉండాలి. తప్పు ఎక్కడుందో పట్టుకునే పద్ధతి ఇది: ఎంసీబీలన్నీ దించి, ఒక్కొక్కటే ఎక్కించాలి. ఏది ఎక్కిస్తే పడిందో ఆ లైను చూడాలి. ఏది ఎక్కించినా పడుతుంటే ఎక్కడో న్యూట్రల్ ఎర్తుకు తగులుతున్నట్టు. ప్రతిసారీ మెయిన్ ఆపి, లింకు నుంచి న్యూట్రల్ తీగ ఒక్కొక్కటి విప్పి, మళ్లీ మెయిన్ ఎక్కించి చూసుకోవాలి, ఏది విప్పితే పడడం ఆగిందో అదే దొంగ. పాత ఇంట్లో దీనికి పూట పట్టొచ్చు. ఈ పనికి వేరే కూలి అడిగితే ఇచ్చెయ్యండి, న్యాయమే.

బోరు మోటరుకు మాత్రం లైను వేరే తీసి, ఎంసీబీ, ఆర్‌సీసీబీ దానికే విడిగా పెట్టించండి. వందల అడుగుల కేబులు నీళ్లలో నానుతూ ఉంటుంది, కొంచెం లీకేజీ వచ్చినా ఇల్లంతా చీకటి కాకుండా ఉంటుంది. గీజరు సంగతీ అంతే. మన ఉప్పునీళ్లకు ఎలిమెంటు మీద గార కట్టి, పగిలి, లీకవుతుంది. గీజరు ఆన్ చేయగానే ఆర్‌సీసీబీ పడితే వైరింగు మీద అనుమానం పెట్టుకునే ముందు ఎలిమెంటు చూపించండి.

వైరు మందాలు చకచకా: లైట్లు, ఫ్యాన్లకు ఒకటిన్నర చదరపు ఎంఎం (షాపులో ఉత్త ఎంఎం అనే అంటారు), 6 లేదా 10 ఆంపియర్ల ఎంసీబీ. గీజరు, మిక్సీ, ఫ్రిజ్ సాకెట్లకు రెండున్నర, 16 ఆంపియర్లు. ఏసీకి నాలుగు, 20 ఆంపియర్లు, లైను విడిగా. మీటరు నుంచి బోర్డుకు ఒక ఏసీ ఉంటే ఆరు, రెండుంటే పది. ఎంసీబీ మాటిమాటికీ పడితే 16 తీసి 32 పెట్టే మేస్త్రీలున్నారు. ఎంసీబీ ఉన్నది వైరు కాలకుండా చూడడానికి. దాన్ని పెంచితే లోపల వైరు కాలుతుంది, గోడలో కాబట్టి కనబడదు. బండిల్ 90 మీటర్లు ఉంటుంది. ఐఎస్ఐ గుర్తు, బండిల్ సీలు మీరే చూసుకోండి. ఫేజుకు ఎరుపు, న్యూట్రల్‌కు నలుపు, ఎర్తుకు పచ్చ. ‘నలుపు అయిపోయింది, ఎరుపే వేసేద్దాం’ అంటే ఇంకో బండిల్ తెప్పించండి, రేపు రిపేరుకొచ్చేవాడి ప్రాణం దాని మీద ఉంటుంది.

మట్టి గోడకు, డంగు సున్నం గోడకు గాడి కొట్టించొద్దు, పెళ్లలు పెళ్లలుగా రాలుతుంది. రాతి గోడైతే కటింగ్ కూలే వైరు ఖర్చును మించిపోతుంది. పైన పీవీసీ పట్టీ వెయ్యడమే మంచిది. అందం తగ్గుతుంది నిజమే, రిపేరు వచ్చినప్పుడు మూత తీస్తే చాలు. సిమెంటు గోడకు గాడి కొడితే ప్లాస్టరు వెయ్యకముందే ప్రతి గోడను ఫోన్లో ఫొటో తీసిపెట్టుకోండి, రేపు మేకు ఎక్కడ కొట్టకూడదో తెలుస్తుంది.

కూలి మాటకొస్తే, పాత ఇంట్లో వెతుకుడు పని రోజు కూలికి, కొత్త వైరింగు పాయింటు లెక్కకు మాట్లాడుకోవడం ఇద్దరికీ మంచిది. మొత్తం గుత్తకిస్తే మేస్త్రీ తొందరపడి ఎర్తింగు దగ్గరే మిగుల్చుకుంటాడు. పాయింటు అంటే ఏంటో ముందే తేల్చుకోండి: పవర్ సాకెట్టు ఒకటా రెండా, గాడి కొట్టి పూడ్చడం కలిసిందా, పాత వైరు ఎవరిది. ఆ తెంపిన రాగి వైరుకు పాతసామాను వాళ్ల దగ్గర మంచి ధర పలుకుతుంది, అడగకపోతే సంచీలో పోతుంది.

ఆఖరి రోజు డబ్బు లెక్కపెట్టే ముందు కూలరు తెచ్చి పెట్టించండి. మన దగ్గర ఎండాకాలంలో షాకులు కొట్టేది ఎక్కువగా ఇనుప బాడీ కూలర్లే: టూపిన్ ప్లగ్గు, తడి నేల, లోపల పాత పంపు. త్రీపిన్ ప్లగ్గు వేయించి, నీళ్లు పోసి, అన్నీ ఆన్ చేసి చూడండి. ఆర్‌సీసీబీ మీద టీ అని ఉన్న బటన్ మీ ముందే నొక్కమనండి, పడాలి. తర్వాత నెలకోసారి మీరే నొక్కుతుండండి. ఇంకొక్క పని కూడా అతనితోనే చేయించుకోండి. స్తంభం నుంచి ఇంటికొచ్చే సర్వీసు వైరు రేకులకో, ఇనుప పైపుకో ఒరుసుకునే చోట పీవీసీ పైపు తొడిగించండి. కోతులు వేలాడి లాగిన వైరైతే అక్కడ పొట్టు ఊడే ఉంటుంది, దాన్ని మార్చడం లైన్‌మన్ పని. ఆ ఇనుప పైపుకే కట్టిన బట్టల దండెం ఇనుప తీగైతే వానాకాలం రాకముందే తెంపించి, నైలాన్ తాడు కట్టించండి.